ఒకే గేరుతో తొక్కేవారికి: ఫ్రేము కొలత, పళ్ళ లెక్క

గత సంచికలో ఫిక్స్‌డ్ గేరు సైకిళ్ళ గురించి క్లుప్తంగా రాసినప్పుడు ఇంతమంది స్పందిస్తారని అనుకోలేదు. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఉత్తరాలలో ఐదింటిని ఎంచుకుని, ఈ నెల శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట చెప్పాలి. మామూలు సైకిలులో వెనక చక్రానికి ఫ్రీవీలు ఉంటుంది కాబట్టి తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఫిక్స్‌డ్ గేరు సైకిలులో ఆ ఫ్రీవీలు స్థానంలో హబ్బుకు, అంటే చక్రం మధ్య భాగానికి, బిగించిన పళ్ళచక్రం, అంటే కాగ్, ఉంటుంది. చక్రం తిరిగినంతసేపు పెడళ్ళూ తిరుగుతాయి, వాటితో పాటు కాళ్ళూ తిరగవలసిందే. ఈ ఒక్క తేడా వల్లనే ఫ్రేము కొలతలోనూ పళ్ళ లెక్కలోనూ పొరపాటు జరిగితే, మామూలు సైకిలు క్షమించినంతగా ఇది క్షమించదు.

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎత్తు 168 సెంటీమీటర్లు, గజ్జల నుంచి నేల వరకు కాలి కొలత 77 సెంటీమీటర్లు. తెలిసిన సీనియరు ఒకాయన 56 సైజు ట్రాక్ ఫ్రేమును (పందెపు వలయం మీద తొక్కడానికి కట్టినది) సగం ధరకే ఇస్తానంటున్నారు. సీటు దించుకుంటే సరిపోతుందని ఆయన అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. సగం ధరకు కాదు, ఊరికే ఇచ్చినా అది మీ ఫ్రేము కాదు. కారణం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి బేరం మీ ఒక్కరికే ఎదురయ్యేది కాదు.

ముందుగా మీ కొలత సరిగ్గా తీసుకున్నారో లేదో చూసుకోండి. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి నిలబడాలి. ఒక గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి ఉంటుందో అంత గట్టిగా పైకి నొక్కి, పుస్తకం పై అంచు గోడను తాకిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టాలి. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవడం మంచిది. ప్యాంటు కుట్టించుకునేటప్పుడు దర్జీ తీసే కొలత దీనికి పనికిరాదు, అది రెండు మూడు సెంటీమీటర్లు తక్కువగా వస్తుంది.

ఈ కొలతను 0.67తో గుణిస్తే రోడ్డు సైకిలు ఫ్రేములో సీటు గొట్టం పొడవు దాదాపుగా వస్తుంది. 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం వస్తుంది. ఫ్రెంచి శిక్షకుడు సిరిల్ గిమార్ దగ్గర తర్ఫీదు పొంది, 1986లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ ద్వారా ఈ లెక్క ప్రపంచమంతటా ప్రచారమైంది. మీ 77 సెంటీమీటర్లకు ఇవి 51.6, 68 అవుతాయి. అయితే ఈ లెక్క పుట్టింది రోడ్డు సైకిళ్ళ మీద. ట్రాక్ ఫ్రేములో, వాలు మలుపులలో పెడలు నేలకు తగలకుండా ఇరుసును సుమారు రెండు సెంటీమీటర్లు ఎత్తులో పెడతారు. ఇరుసు పైకి వెళితే దానిపై ఉన్నవన్నీ పైకి వెళతాయి. కాబట్టి ట్రాక్ ఫ్రేము ఎంచుకునేటప్పుడు లెక్కలో వచ్చిన అంకె కంటే కొద్దిగా కిందికే చూడాలి. మీకు 50 లేదా 51 సరిపోతుంది.

ఇప్పుడు ఆ 56 ఫ్రేము సంగతి చూద్దాం. ట్రాక్ సైకిలులో ఇరుసు నేల నుంచి సుమారు 28 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. దానిపై 56 సెంటీమీటర్ల సీటు గొట్టం కొద్దిగా వెనక్కి వాలి నిలబడుతుంది. ఆ వాలును లెక్కలోకి తీసుకుంటే, అడ్డంగా సాగే పైకడ్డీ పైభాగం నేల నుంచి 83 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మీ కాలి కొలత 77, బూట్ల మందం మరో రెండు కలుపుకోండి. సిగ్నలు దగ్గర సీటు దిగి కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడడం మీకు సాధ్యం కాదు. సీటు దించితే సీటు కిందికి వస్తుంది, కడ్డీ రాదు. మామూలు సైకిలు మీదైతే పెడలును వెనక్కి తిప్పి అనువైన చోట పెట్టుకుని, ఒక కాలు నేలకు ఆనించి నెట్టుకురావచ్చు. ఫిక్స్‌డ్ గేరు మీద ఆగినచోటే పెడలు ఆగిపోతుంది, వెనక చక్రాన్ని పైకెత్తితే తప్ప దాన్ని కదిలించలేరు. అందుకే ఈ సైకిలుకు కడ్డీ ఎత్తు మామూలు సైకిలు కంటే ముఖ్యం.

మీ సీనియరు మాటలో ఒక సగం నిజం ఉంది. సీటును 68 సెంటీమీటర్లకు ఎలాగో దించవచ్చు. కానీ 56 ఫ్రేములో పైకడ్డీ పొడవు కూడా పెరిగి, 51 ఫ్రేముతో పోలిస్తే హ్యాండిలు మూడు నాలుగు సెంటీమీటర్లు దూరం జరుగుతుంది. ఆ దూరాన్ని తగ్గించడానికి సీటును ముందుకు నెడితే మోకాలు పెడలును దాటి ముందుకు వస్తుంది, స్టెమ్మును, అంటే హ్యాండిలును ఫ్రేముకు కలిపే ముక్కను, కురచ చేస్తే హ్యాండిలు తుళ్ళిపడుతుంది. నా మొదటి ఫ్రేమును నేను రంగు చూసి కొన్నాను. అది నాకు నాలుగు సెంటీమీటర్లు పెద్దది. రెండేళ్ళు మెడనొప్పితో తొక్కిన తర్వాత కానీ తప్పు ఎక్కడుందో తెలియలేదు.

మరో జాగ్రత్త. ఒక తయారీదారు సీటు గొట్టాన్ని పైకడ్డీ మధ్య వరకు కొలుస్తాడు, మరొకరు గొట్టం చివరి వరకు కొలుస్తారు. ఒకే అంకె వేసిన రెండు ఫ్రేముల మధ్య సెంటీమీటరు, ఒకటిన్నర తేడా ఇక్కడే వస్తుంది. పైకడ్డీ ఏటవాలుగా ఉన్న కొత్త ఫ్రేములలో ఆ అంకెకు అసలు అర్థమే ఉండదు. అందుకని అంగడికి టేపు తీసుకువెళ్ళి రెండు కొలతలు మీరే తీయండి. ఇరుసు మధ్య నుంచి హ్యాండిలు గొట్టం పైఅంచు వరకు అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత ఎత్తు. మొదటిదాన్ని రీచ్ అంటారు, రెండోదాన్ని స్టాక్ అంటారు. మీకు సుఖంగా ఉన్న స్నేహితుడి సైకిలు మీద ఈ రెండూ కొలిచి రాసిపెట్టుకుంటే, స్టిక్కరు మీద ఏ అంకె ఉన్నా మీరు మోసపోరు.

ప్రశ్న: తిరుచానూరు నుంచి అలిపిరి వైపు రోజూ ఉద్యోగానికి సైకిలు మీద వెళతాను. నా ఫిక్స్‌డ్ గేరుకు ముందు 48 పళ్ళు, వెనక 16 పళ్ళు ఉన్నాయి, టైరు 700×25. కపిలతీర్థం దాటాక ఎగువకు తొక్కుతుంటే మోకాళ్ళు ముందువైపు నొప్పి పెడుతున్నాయి. ఇంకో విచిత్రం, వెనక టైరు ఒక్కచోటే అరిగి గుడ్డ కనిపిస్తోంది. టైరు నాసిరకమా? ముందు బ్రేకు ఉంది కానీ ఎక్కువగా వెనక చక్రాన్ని జారించి ఆపుతాను.

జవాబు: మీ టైరులో లోపం లేదు. మోకాలి నొప్పికీ, టైరు అరుగుదలకూ మూలం మీరు రాసిన ఆ రెండు అంకెలలోనే ఉంది. కాబట్టి కొంచెం లెక్క చేద్దాం.

48ని 16తో భాగిస్తే 3 వస్తుంది. మీరు పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. 700×25 టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కాబట్టి ఒక చుట్టు తొక్కితే సైకిలు 6.3 మీటర్లు ముందుకు పోతుంది. బ్రిటిషువారు, అమెరికన్లు ఇదే సంగతిని అంగుళాలలో చెబుతారు. గొలుసు లేని రోజులలో పెద్ద ముందు చక్రానికే పెడళ్ళు ఉండేవి, చక్రం ఎంత పెద్దదైతే చుట్టుకు అంత దూరం వచ్చేది. ఆ లెక్కన మీ గేరు 79 అంగుళాల వ్యాసం ఉన్న చక్రానికి సమానం. ఆ కాలపు సైకిళ్ళలో చక్రం 60 అంగుళాల దగ్గర ఆగిపోవడానికి కారణం మనిషి కాలి పొడవు. మీరు గొలుసు సాయంతో దానికంటే చాలా పెద్ద చక్రాన్ని తిప్పుతున్నారు.

చదునైన రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్లు పోవడానికి మీరు నిమిషానికి 66 చుట్లు తొక్కితే చాలు. అది కాస్త బరువైనా భరించదగినదే. ఎగువలో వేగం గంటకు 10 కిలోమీటర్లకు పడిపోయినప్పుడు మాత్రం చుట్లు 26కి దిగుతాయి. అంటే ఒక్కో చుట్టుకు రెండు సెకన్లకు పైగా పడుతుంది, ఆ సమయమంతా మోకాలు వంగిన స్థితిలో బరువును మోస్తూ ఉంటుంది. మీరూ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం. నూరు మీటర్లకు ఐదు మీటర్లు ఎక్కే వాలులో, 165 మిల్లీమీటర్ల క్రాంకుతో (పెడలును ఇరుసుకు కలిపే చేయి), ఈ గేరుకు పెడలు మీద సగటున 27 కిలోల బలం వేయవలసి వస్తుంది. క్రాంకు అడ్డంగా ఉన్న క్షణంలో అది సగటు కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. నొప్పి మోకాలి ముందువైపు రావడానికి ఇదే ప్రధాన కారణమని నా నమ్మకం. సీటు మరీ కిందికి ఉన్నా ఇదే చోట నొప్పి వస్తుంది కాబట్టి, పై జవాబులో చెప్పిన 0.883 లెక్కతో సీటు ఎత్తునూ సరిచూసుకోండి.

ఇక టైరు. వెనక చక్రాన్ని జారించేటప్పుడు మీరు ప్రతిసారీ క్రాంకులను దాదాపు ఒకే స్థితిలో, ఒకే కాలు ముందుకు పెట్టి బిగపట్టి ఉంటారు. పెడలు ఒక చుట్టుకు చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరుగుతుంది కాబట్టి, క్రాంకు ఆ స్థితికి వచ్చిన ప్రతిసారీ టైరులో అదే భాగం నేల మీద ఉంటుంది. నూరుసార్లు జారించినా రుద్దుకునేది ఆ ఒక్క భాగమే. లెక్క చాలా సులభం. ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగించే భిన్నాన్ని కుదించండి. 48/16 కుదిస్తే 3/1 అవుతుంది. కింద మిగిలిన అంకె ఎంతో టైరు మీద అన్ని చోట్ల అరుగుదల పంచుకుంటుంది. మీకు మిగిలింది ఒకటే. 46/16 అయితే 23/8 అవుతుంది కాబట్టి ఎనిమిది చోట్లు. 46/17ను ఇక కుదించలేం కాబట్టి పదిహేడు చోట్లు. పై అంకె బేసి అయినప్పుడు, రెండు కాళ్ళనూ మార్చి మార్చి ముందుంచి జారించగలిగితే ఆ సంఖ్య రెట్టింపవుతుంది.

కాబట్టి నా సలహా ఇది. ముందు చైన్‌వీలును ముట్టుకోవద్దు. వెనక 16 పళ్ళ కాగ్ తీసి 19 పళ్ళది వేయించండి. 48/19 నిష్పత్తి 2.53, చుట్టుకు దూరం 5.3 మీటర్లు. ఎగువలో గంటకు 10 కిలోమీటర్ల దగ్గర చుట్లు 26 నుంచి 31కి పెరుగుతాయి, పెడలు మీద సగటు బలం 27 కిలోల నుంచి 22, 23 కిలోలకు తగ్గుతుంది. చదునులో గంటకు 25 కిలోమీటర్ల దగ్గర 78 చుట్లు వస్తాయి, ఆరోగ్యవంతుడైన మనిషికి అది చక్కటి నడక. 48/19 భిన్నాన్ని కుదించలేం కాబట్టి అరుగుదల పంతొమ్మిది చోట్లకు పంచబడుతుంది. ఒక్క కాగ్ ఖర్చుతో రెండు బాధలూ తీరుతాయి. మూడు పళ్ళు పెరిగినందుకు వెనక ఇరుసు సుమారు ఒక సెంటీమీటరు ముందుకు జరగాలి. ఫ్రేము గాళ్ళలో అంత చోటు ఉంటే పాత చైనే సరిపోతుంది, లేకపోతే చైను ఒక లింకు పెంచుకోవాలి.

ఒక్క విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. గేరు తేలిక చేసినందుకు దిగుడులో మూల్యం చెల్లించాలి. అలిపిరి నుంచి వెనక్కి వస్తూ గంటకు 35 కిలోమీటర్లు అందుకుంటే, పాత గేరుకు 92 చుట్లు, కొత్త గేరుకు 110 చుట్లు కాళ్ళు తిరగాలి. అలవాటు లేని కాళ్ళు ఆ వేగంలో సీటు మీద ఎగిరెగిరి పడతాయి. సీటును మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు దించితే ఎగిరిపాటు తగ్గుతుంది, కొన్ని వారాలలో కాళ్ళూ నేర్చుకుంటాయి. అప్పటివరకు దిగుడు మొదలయ్యే ముందే ముందు బ్రేకు పట్టి, వేగాన్ని 30 లోపల ఉంచండి. చక్రాన్ని జారించి ఆపే అలవాటును అవసరానికి మాత్రమే దాచుకోండి. ఆగేటప్పుడు శరీర భారం ముందు చక్రం మీదికి ఒరుగుతుంది, వెనక చక్రం తేలికై నేలను సరిగా పట్టుకోలేదు. అందుకే వెనక చక్రాన్ని జారించి ఆగే దూరం, ముందు బ్రేకుతో ఆగే దూరం కంటే చాలా ఎక్కువ. అలిపిరి దగ్గర నడిచి కొండెక్కే భక్తులలో వృద్ధులూ పిల్లలూ ఉంటారు. ఆ కొద్ది మీటర్ల తేడా అక్కడ చాలా పెద్దది.

ప్రశ్న: నేను చిత్తూరులో ఉపాధ్యాయురాలిని. ఎత్తు 155, కాలి కొలత 71 సెంటీమీటర్లు. బడి ఏడు కిలోమీటర్ల దూరం. ఫిక్స్‌డ్ గేరు తొక్కాలని కోరిక. అంగళ్ళలో ఉన్నవన్నీ నాకు పెద్దవే. చిన్న ఫ్రేము దొరికినా మలుపులో ముందు చక్రం కాలి వేళ్ళకు తగులుతోంది.

జవాబు: అమ్మా, మీరు పట్టుకున్నది చిన్న ఫ్రేములన్నింటిలోనూ ఉన్న అసలు చిక్కు. మీ కొలతకు సీటు గొట్టం 46, 47 దగ్గర, సీటు ఎత్తు 62.7 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. ఫ్రేము ఎంత కురచ చేసినా 700 సైజు చక్రం మాత్రం చిన్నది కాదు, అది పెడలు వైపు జరుగుతుంది. మామూలు సైకిలు మీద మెల్లగా మలుపు తిరిగేటప్పుడు కాలిని వెనక ఆపుకోవచ్చు. ఫిక్స్‌డ్ గేరు మీద కాలు తన సమయానికి ముందుకు రావలసిందే, ఆ క్షణంలో హ్యాండిలు తిప్పి ఉంటే బూటు టైరుకు తగిలి పడిపోతారు.

కాబట్టి చిన్న చక్రాలతో కట్టిన ఫ్రేము వెతకండి. 650 సైజు గానీ 26 అంగుళాల చక్రాలు గానీ ఉంటే ఆ తగులుడు పోతుంది, పైకడ్డీ కూడా కిందికి వస్తుంది. క్రాంకు 165 మిల్లీమీటర్లకు మించకూడదు, 160 దొరికితే మీకు ఇంకా మేలు. చక్రం చిన్నదైనప్పుడు గేరు లెక్క మారుతుందని గుర్తుంచుకోండి. టైరు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, గచ్చు మీద సైకిలును ఒక చుట్టు దొర్లించి, రెండు సుద్ద గుర్తుల మధ్య దూరం కొలవండి. అది సుమారు రెండు మీటర్లు వస్తే, ముందు 42, వెనక 16 పళ్ళతో చుట్టుకు 5.25 మీటర్లు వస్తుంది. మీ ఏడు కిలోమీటర్లకు అదే సరైన మొదలు అని నా అభిప్రాయం.

ఇంకొక్కటి, ఇది అన్నింటికంటే ముఖ్యం. చున్నీ, చీర చెంగు, ప్యాంటు అంచు, మగవారికి పంచె, లుంగీ, ఏదైనా ఈ చైనులో చిక్కితే తొక్కడం ఆపి విడిపించుకోవడం కుదరదు. చక్రం ఆగేవరకు చైను దాన్ని లాక్కుంటూనే ఉంటుంది. నిండు చైన్‌కవరు ఉన్న సైకిలే ఎంచుకోండి. సైకిలును స్టాండు మీద ఎత్తి చక్రం తిప్పుతూ చైను తుడిచే అలవాటు మన ఇళ్ళలో అందరికీ ఉంది. ఫిక్స్‌డ్ గేరు మీద ఆ పని చేస్తే వేళ్ళు పళ్ళ మధ్యకు వెళ్ళి తెగిపోయే ప్రమాదం ఉంది. బడి పిల్లలు మీ సైకిలు చుట్టూ మూగుతారు, వాళ్ళకు ముందే చెప్పండి.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో సైకిల్ షాపు నడుపుతున్నాను. పాత 24 అంగుళాల ఫ్రేము రోడ్‌స్టరును, అంటే పాతకాలపు బరువైన సైకిలును, ఫిక్స్‌డ్ గేరుగా మార్చి ఇమ్మని కుర్రాళ్ళు అడుగుతున్నారు. ఫ్రీవీలు హబ్బుకే ఫిక్స్‌డ్ కాగ్ మర సరిపోతోంది. వదులవకుండా ఫ్రీవీలును వెల్డింగు చేసి ఇస్తే ఇంకా చవక. ఇందులో తప్పేమైనా ఉందా?

జవాబు: ఉంది. మీరు అడిగి మంచి పని చేశారు. ఆ రెండు మరలూ ఒకటే, వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. అందుకే కాగ్ ఎక్కుతుంది. అసలైన ట్రాక్ హబ్బులో మాత్రం దాని పక్కనే కాస్త చిన్న వ్యాసంతో మరో మర ఉంటుంది, అది ఎడమ మర. దాని మీద లాక్‌రింగు బిగిస్తారు. తొక్కేవాడు కాళ్ళతో వెనక్కి పట్టినప్పుడు కాగ్ విప్పుకునే వైపు తిరగబోతుంది, ఎడమ మర లాక్‌రింగు అదే తిప్పుడుకు ఇంకా బిగుసుకుని దాన్ని ఆపుతుంది. మీ హబ్బులో ఆ మెట్టే లేదు. ఎంత బిగించినా, ఏ జిగురు పూసినా, కుర్రాడు ఆపడానికి వెనక్కి పట్టిన రోజున కాగ్ విప్పుకుంటుంది. అప్పుడు అతనికి కాళ్ళతో ఆపే శక్తి ఉండదు. వెల్డింగు చేసినా ఫ్రీవీలు అదే మర మీద ఉంటుంది కాబట్టి ఫలితం అదే.

రోడ్‌స్టరుకు ఇంకో రెండు ఇబ్బందులు. క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను ఒకవైపు తోపుకు నిలుస్తుంది, ముందుకూ వెనక్కూ మారే ఒత్తిడికి వదులవుతుంది. కడ్డీ బ్రేకు ఇనుప రిమ్ము మీద వానలో పట్టదు. తప్పనిసరైతే లాక్‌రింగు ఉన్న హబ్బుతో వెనక చక్రం కొత్తగా కట్టి, కాటర్ లేని క్రాంకు వేసి, ముందు మంచి కాలిపర్ బ్రేకు పెట్టి ఇవ్వండి. ముందు, వెనక పళ్ళ వరుస ఒకే సూటిలో ఉందో లేదో కర్ర బద్ద ఆనించి చూడండి. దాని 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 2.2 మీటర్లకు పైగా పోతుంది కాబట్టి 44, 18 పళ్ళకు మించిన బరువు గేరు వేయవద్దు. దీనికయ్యే డబ్బు చెబితే సగం మంది వెనక్కి వెళతారు. వెళ్ళనివ్వండి.

ప్రశ్న: చంద్రగిరి నుంచి రాస్తున్నాను. నా ఫిక్స్‌డ్ గేరుకు 46/17 పళ్ళు, వెనక హబ్బుకు రెండు వైపులా మర ఉంది. ఆదివారాలు భాకరాపేట ఘాటు ఎక్కి దిగాలని ఉంది. చైను ఎంత బిగించాలో కూడా చెప్పండి.

జవాబు: ఎక్కడానికి మీ కాళ్ళలో బలం ఉంటే ఎక్కండి. దిగేటప్పుడు మాత్రం ఫిక్స్‌డ్ గేరు మీద దిగవద్దు. మీ గేరుకు చుట్టుకు దూరం 5.7 మీటర్లు. ఘాటు దిగుతూ గంటకు 45 కిలోమీటర్లు అందుకోవడానికి ఎంతోసేపు పట్టదు, అప్పుడు కాళ్ళు నిమిషానికి 130 చుట్లకు పైగా తిరగాలి. మలుపులో సైకిలు వాలినప్పుడు కూడా తొక్కుతూనే ఉండాలి కాబట్టి లోపలి పెడలు రోడ్డుకు తగిలి వెనక చక్రాన్ని పైకి లేపేస్తుంది. ఆ దారిలో లారీలు, బస్సులు ఎదురుగా వస్తుంటాయి.

మీ హబ్బుకు రెండో వైపు మర ఉండడం అదృష్టం. టూర్ డి ఫ్రాన్స్‌లో గేరు మార్చే డెరైలరుకు 1937 వరకు అనుమతి లేదు. అంతకుముందు పోటీదారులు కొండ కింద ఆగి, వెనక చక్రం విప్పి, తిరగేసి రెండో వైపు పళ్ళతో ఎక్కేవారు. మీరూ అదే చేయండి. రెండో వైపు 19 పళ్ళ ఫ్రీవీలు వేయించుకుని, ఘాటు మొదట్లో చక్రం తిరగేసి, ఎక్కడమూ దిగడమూ దాని మీదే చేయండి. రెండు పళ్ళ తేడాకు వెనక ఇరుసు అరసెంటీమీటరు కంటే కొద్దిగా ఎక్కువ జరుగుతుంది, అదే చైను సరిపోతుంది. ఫ్రీవీలు మీద కాళ్ళతో ఆపలేరు కాబట్టి ఆ రోజు రెండు చక్రాలకూ బ్రేకులు ఉండి తీరాలి. 15 మిల్లీమీటర్ల స్పానరు సంచిలో పెట్టుకోండి.

చైను విషయం. పై వరుస మధ్యలో వేలితో నొక్కితే మొత్తం మీద 10 నుంచి 12 మిల్లీమీటర్లు కదలాలి. చైన్‌వీలు ఏదీ నూటికి నూరుపాళ్ళు గుండ్రంగా ఉండదు, అందుకని క్రాంకును మెల్లగా తిప్పుతూ చైను ఎక్కడ అన్నింటికంటే బిగువుగా ఉందో చూసి, అక్కడ ఈ కొలత పెట్టండి. మరీ బిగిస్తే హబ్బు గోళీలు పాడవుతాయి, మరీ వదిలితే చైను ఊడి వెనక చక్రంలో చిక్కుకుంటుంది. నెలకోసారి స్కేలు పెట్టి కొలవండి. 12 నిండు లింకులు కొత్తలో సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. అవి 12 అంగుళాల 1/16కు సాగితే చైను మార్చే సమయం వచ్చినట్టే. 1/8 దాటితే చైనుతో పాటు వెనక కాగ్ కూడా మార్చండి.